గింజ దాచుకున్న జిగురు

ఏమర్రా, ఇలా దగ్గరికి రండి. మీ బామ్మ రాత్రి నానబోసిన మెంతులు ఈ గిన్నెలో ఉన్నాయి. చూపుడువేలు ముంచి బొటనవేలితో రాసి చూడండి. జారుతోంది, సాగుతోంది కదూ? పక్క గిన్నెలో శనగలు కూడా నానుతున్నాయి. అవీ ఉబ్బాయి, మెత్తబడ్డాయి. కానీ ఆ నీళ్లలో వేలు పెడితే మామూలు నీళ్లే. మెంతులూ శనగలూ ఒకే కుటుంబం, చిక్కుడు కుటుంబం. మరి ఒకదానికి జిగురు ఎందుకుంది, ఇంకోదానికి ఎందుకు లేదు? ఇవాళ్టి కబుర్లు దాని గురించే.

గింజ లోపల బుల్లి మొక్క ఉంటుంది. అది వేరు దించి, ఆకు విప్పి, ఎండలో తన తిండి తాను తయారు చేసుకునేదాకా బతకాలి కదా. అందుకని తల్లి మొక్క కాస్త తిండి గింజలోనే పెట్టి పంపుతుంది. మొదట్లో దాదాపు అన్ని గింజల్లోనూ ఆ తిండి బుల్లి మొక్క చుట్టూ ఒక పొరగా ఉంటుంది. బళ్లో దాన్ని అంకురచ్ఛదం అని చెప్తారు. కంది, పెసర, శనగల్లో గింజ ముదిరేలోపే ఆ పొర కరిగిపోయి, అందులో ఉన్నదంతా పప్పు బద్దల్లోకి చేరుతుంది. మనం వండుకునేది ఆ బద్దలనే. మెంతుల్లో, గోరుచిక్కుడు గింజల్లో, చేలగట్ల మీద తనంతట తానే మొలిచే తగిరిస గింజల్లో మాత్రం ఆ పొర కరగదు. పైన పొట్టు, లోపల బద్దలు, మధ్యలో గట్టిగా, గాజు ముక్కల్లే మెరిసే ఆ పొర అలాగే మిగిలిపోతుంది. జిగురంతా అక్కడే ఉంది.

ఎందుకు మిగుల్చుకున్నట్టు? ఈ మొక్కలు పెరిగే నేలలు చూస్తే తెలుస్తుంది. ఎక్కువగా వానలు తక్కువ పడే చోట్లు. ఒక జల్లు పడుతుంది, గింజ మొలకెత్తడం మొదలుపెడుతుంది, మర్నాడు ఎండ కాస్తుంది. అప్పటికే తడిసి లేచిన మొలక ఎండిపోతే ఇక దానికి రెండో అవకాశం లేదు. ఈ పొర ఆ మొదటి జల్లులోనే తనకు చేతనైనంత నీరు పీల్చుకుని మొలక చుట్టూ అట్టే పెడుతుంది. తర్వాత, మొలక కాస్త నిలదొక్కుకున్నాక, ఆ పొరనే చక్కెరలుగా విడగొట్టుకుని తింటుంది. మెంతి గింజ మీద 1970లలో జరిగిన పరిశోధనలు ఈ రెండు పనులనూ విడివిడిగా చూపించాయి. ముందు నీరు, తర్వాత తిండి, రెండూ ఒక్క పదార్థంతోనే. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది. ఐస్‌క్రీంలో, మందుబిళ్లలో, కంటి చుక్కల్లో మనిషి ఈ జిగురుతో చేయించుకుంటున్న పనులన్నీ ఆ మొదటి పనికి కొనసాగింపే. నీటిని పట్టుకోవడం, వదలకపోవడం.

ఇంతకీ ఆ పదార్థం ఏమిటి? మీ అక్కని ఒకసారి వెనక్కి తిరగమనండి. జడ ఉంది, జడకి పూలున్నాయి. జడ పొడుగునా ఉన్నది మానోజ్ అనే చక్కెర. వేల అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగ్గా ఉంటాయి. మధ్యమధ్య పక్కకి తగిలించిన పూలు గాలక్టోజ్ అనే ఇంకో చక్కెర. రెండు పేర్లూ కలిపి ఈ జిగుర్లని గాలక్టోమానన్లు అంటారు. మెంతి జడకి పూలు ఒత్తుగా ఉంటాయి, దాదాపు ప్రతి మానోజ్‌కీ ఒక గాలక్టోజ్. గోరుచిక్కుడులో సుమారు రెండిటికి ఒకటి. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు తారా గింజలో మూడిటికి ఒకటి. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే కరోబ్ చెట్టు గింజలో నాలుగిటికి ఒకటి. తగిరిసలో ఇంకా పల్చన, అయిదిటికి ఒకటి. పూలున్న చోట రెండు జడలు దగ్గరికి రాలేవు, మధ్యలోకి నీళ్లు చొరబడతాయి. బోసిగా ఉన్న చోట్లు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే మెంతి జిగురూ గోరుచిక్కుడు జిగురూ చన్నీళ్లలోనే కరుగుతాయి. కరోబ్ జిగురు కరగాలంటే నీళ్లు 80 డిగ్రీల దాకా కాగాలి. ఆ రెండు చక్కెరలే, ఆ అతుకులే. ఎంత ఒత్తుగా తగిలించారన్న ఒక్క తేడాతో స్వభావమే మారిపోయింది.

ఇప్పుడు గోరుచిక్కుడు సంగతికి వద్దాం. మనం లేత కాయలే ఎరుగుదుం. తెలంగాణలో గోకరకాయ అంటారు, రాయలసీమలో మటిక్కాయ అంటారు. కొబ్బరి వేసి కూర చేసుకుంటాం, ఎండబెట్టి వరుగులు చేసుకుంటాం. గింజ ముదిరితే పనికిరాదని పారేస్తాం. రాజస్థాన్‌లో, హర్యానాలో, గుజరాత్‌లో ఆ ముదురు గింజ కోసమే వేస్తారు. ఇసక నేల, రెండు మూడు వానలు, అంతే చాలు దానికి. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి నేలకిస్తుంది కూడా. ప్రపంచంలో పండే గోరుచిక్కుడు గింజల్లో దాదాపు 80 శాతం మన దేశంలోనే పండుతుంది. జోధ్‌పూర్ చుట్టూ దాన్ని ఆడించే మిల్లులు బోలెడు.

ఆ మిల్లులో జరిగేది విని తీరాలి, ఎందుకంటే అందులో రసాయనాల కన్నా పప్పుమిల్లు తెలివే ఎక్కువ. గింజలో పొట్టు ఆరో వంతో ఏడో వంతో ఉంటుంది. లోపలి మొలకా బద్దలూ కలిసి సగానికి కాస్త తక్కువ. మిగిలిన మూడో వంతు పైచిలుకు మనక్కావలసిన పొర. ముందు గింజని రెండుగా చీలుస్తారు. లోపలి మొలక భాగం పెళుసు, అది పొడై రాలిపోతుంది. జల్లెడ పడితే వేరైపోతుంది. పొర మాత్రం గట్టిది, విరగకుండా రెండు చిప్పలుగా నిలుస్తుంది. ఆ చిప్పల్ని వేడి చేసి రాపిడి పెడితే పైపొట్టు ఊడిపోతుంది. మిగిలింది లేత పసుపు రంగు పప్పు. దాన్ని నీళ్లతో తడిపి ఉబ్బనిచ్చి, రోలర్ల మధ్య అటుకులు చేసి, ఆ అటుకుల్ని మర పట్టి, వేడిగాలిలో ఆరబెడితే జిగురు పొడి తయారు. తడపడం ఎందుకంటే, పొడిగా ఉన్నప్పుడు ఆ పప్పు రాయి. రాయిని దంచితే పొడి వస్తుంది కానీ అది నీళ్లలో సరిగా విచ్చుకోదు. రాలిన పొట్టూ మొలక పొడీ వృథా పోవు. చూరీ, కోర్మా అని పేర్లతో పశువుల దాణాకి అమ్ముతారు. వాటిలో మాంసకృత్తులు మెండు.

ఒక్క గ్రాము ఆ పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి రెండు గంటలు వదిలేయండి. నీళ్లకన్నా కొన్ని వేల రెట్లు చిక్కబడుతుంది. నూటికి ఒక్క వంతు! మిగతా 99 వంతులూ నీళ్లే. కలిపేటప్పుడు మాత్రం ఒడుపు ఉండాలి. పొడిని ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్రతి ఉండ పైనా వెంటనే జిగురు కట్టి, లోపలి పొడికి నీళ్లు అందకుండా ఆపేస్తుంది. ఆ ఉండల్ని ఎంత తిప్పినా విడవ్వు. అందుకని ముందే పంచదారతో పొడిపొడిగా కలిపి, నీళ్లు సుడి తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లాలి. పంచదార పలుకులు జిగురు పలుకుల్ని విడదీసి ఉంచుతాయి. ఈ కిటుకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా వాడతారు.

అసలు ఈ గింజకి ఇంత పేరు రావడానికి ఒక యుద్ధం కారణం. గోరుచిక్కుడు మన దేశంలో ఎప్పట్నించో ఉంది, 1903లో అమెరికాకి కూడా విత్తనం వెళ్లింది. కానీ వాళ్లు దాన్ని పచ్చిరొట్టగా, పశువుల మేతగా చూశారు. జిగురు కావలసి వస్తే కరోబ్ గింజ జిగురే తెప్పించుకునేవారు. కాగితపు మిల్లులకి అది చాలా అవసరం, కాగితం నారల్ని పట్టి ఉంచడానికి. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రపు దారులు మూసుకుపోయి కరోబ్ రావడం ఆగిపోయింది. దానికి బదులు ఏమిటని గింజ తర్వాత గింజ పరీక్షిస్తూ పోతే గోరుచిక్కుడు దగ్గర ఆగారు. చన్నీళ్లలో కరుగుతుంది, ఎక్కువ చిక్కబడుతుంది, ఏటా పండుతుంది. కరోబ్ చెట్టు కాపుకి రావాలంటే ఏళ్లు ఆగాలి మరి.

ఇవాళ మీరు తినే ఐస్‌క్రీం డబ్బా మీద స్టెబిలైజర్ 412 అని ఉంటే అది గోరుచిక్కుడు. 410 అని ఉంటే కరోబ్. ఐస్‌క్రీం ఫ్రీజర్లోంచి బయటికీ లోపలికీ తిరిగినప్పుడల్లా అందులో మంచు కాస్త కరిగి మళ్లీ గడ్డ కడుతుంది. కరిగిన నీరు పాత పలుకుల మీదికి చేరి వాటిని పెంచుతూ పోతే నాలిక మీద గరగరలాడుతుంది. జిగురు ఆ నీటిని ఎక్కడిదక్కడ నిలిపేస్తుంది, పలుకులు పెరగవు. నూటికి పావు వంతు కూడా అక్కర్లేదు. టమాటా సాసులో, గోధుమ పడనివాళ్ల కోసం చేసే రొట్టెల్లో, సీసా పాలపానీయాల్లో, ఇదే పని.

తిండికి దూరమైన ఒక వాడకం కూడా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల మన రైతుల బతుకులే ఊగిపోయాయి. గోరుచిక్కుడు జిగురు నీళ్లలో కాస్త బోరాక్స్ కలిపితే అది చిక్కటి ముద్దై వణుకుతుంది. బోరాన్ వెళ్లి జడలాంటి ఒక జిగురు గొలుసునీ ఇంకో గొలుసునీ ముడేస్తుంది. అమెరికాలో నేల లోతుల్లో రాతి పొరల్ని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాసు, నూనె తీస్తారు కదా. పగిలిన సందులు మళ్లీ మూసుకోకుండా ఇసక పంపాలి. మామూలు నీళ్లలో ఇసక అడుక్కి పోతుంది, ఈ ముద్ద అయితే మోసుకుపోతుంది. 2011, 2012 నాటికి అక్కడ ఆ బావులు ఎంత పెరిగాయంటే, జోధ్‌పూర్ మార్కెట్లో గింజ ధర క్వింటాకి 30 వేల రూపాయల దాకా ఎగబాకింది. అంతకు ముందు అందులో పదో వంతు. 2012 మార్చిలో ప్రభుత్వం దాని వాయిదా వ్యాపారాన్నే ఆపేయాల్సి వచ్చింది, 2013లో గానీ మళ్లీ తెరవలేదు. 2012-13లో గోరుచిక్కుడు జిగురు ఎగుమతి 20 వేల కోట్ల రూపాయలు దాటింది. అది చూసి మన రాయలసీమలో కూడా గింజ కోసం వేసి చూశారు. ఆ తర్వాత అమెరికాలో బదులు పదార్థాలు వెతుక్కున్నారు, ఇక్కడ ధర కూలింది. ఎడారి అంచున చెమటోడ్చే రైతు లాభం ఇంకో ఖండంలోని నూనె బావి మీద ఆధారపడటం నాకు సుఖంగా అనిపించదు. తిండికీ మందుకీ వాడకం పెరిగితే ఆ రైతుకి నిలకడైన గిరాకీ ఉంటుంది.

మందు అన్నాను కదా, ఇప్పుడు అసలు విషయం. 1970లలో ఇంగ్లండ్‌లో డేవిడ్ జెన్‌కిన్స్ అనే వైద్యుడు షుగరు జబ్బు ఉన్నవాళ్ల భోజనంలో గోరుచిక్కుడు జిగురు కలిపి చూశాడు. తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరగాల్సినంత పెరగలేదు. ఈ జిగురులో ఏ మందు గుణం ఉంది? 1978లో ఆయన బృందం దానికి జవాబు వెతికిన పద్ధతి చూడండి, ఎంత చక్కగా ఉంటుందో. గ్లూకోజ్ నీళ్లలో రకరకాల పీచు పదార్థాలు కలిపి ఇచ్చారు. అన్నిటికన్నా చిక్కటిది గోరుచిక్కుడు జిగురు, అన్నిటికన్నా బాగా పనిచేసింది కూడా అదే. తర్వాత అదే జిగురు గొలుసుల్ని చిన్న ముక్కలుగా తెంపి ఇచ్చారు. చక్కెరలు అవే, బరువు అదే, చిక్కదనం మాత్రం పోయింది. గుణం కూడా పోయింది! అంటే మందు ఆ పదార్థంలో లేదు, అది నీటిని చిక్కబరచడంలో ఉంది. కడుపులో ఉన్నది చిక్కబడితే పేగులోకి నెమ్మదిగా జారుతుంది, అందులోని చక్కెర పేగు గోడని నెమ్మదిగా చేరుతుంది. రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కదు. ఏ తిండి రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే పద్ధతిని 1981లో లోకానికిచ్చింది కూడా ఆ జెన్‌కిన్సే.

మెంతుల మీద మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో మంచి పని జరిగింది. ఆర్.డి. శర్మ, ఆయనతో పనిచేసినవాళ్లు కొవ్వు తీసేసిన మెంతి పొడిని రోజుకి 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం, పది రోజులు ఇన్సులిన్ తీసుకునే రోగులకి భోజనంలో ఇచ్చారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెంతుల్లో జిగురే కాక వేరే పదార్థాలు కూడా చక్కెర మీద పనిచేస్తాయి, కాబట్టి ఘనతంతా జిగురుకే ఇవ్వకూడదు. ఇంకో మాట. రోజుకి 100 గ్రాములంటే డాక్టర్లు కళ్లెదుట ఉండి ఇచ్చిన మోతాదు. ఎవరో చెప్పారని మందులు మానేసి మెంతులు మింగడం తప్పు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు అలా చేస్తుంటే మీరే చెప్పండి.

చిక్కదనం అంటే ప్రమాదం కూడా. అమెరికాలో ఈ జిగురు పొడిని బిళ్లలుగా చేసి, మింగితే కడుపు నిండి బరువు తగ్గుతారని అమ్మారు. సరిపడా నీళ్లు తాగకుండా మింగినవాళ్లకి అది అన్నవాహికలోనే ఉబ్బి అడ్డం పడింది. ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణం పోయిన సందర్భం కూడా ఉంది. 1990ల మొదట్లో అక్కడి ప్రభుత్వం అలాంటి బిళ్లల్ని ఆపేసింది. అదే గుణాన్ని వైద్యులు జాగ్రత్తగా మేలుకి వాడతారు. పక్షవాతం వచ్చినవాళ్లు నీళ్లు తాగితే అవి పల్చగా ఉండి గబుక్కున జారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ నీళ్లని ఇలాంటి జిగుర్లతో తగినంత చిక్కబరచి చెంచాతో పడితే మింగడం కుదురుతుంది. పాలు కక్కే పసిపిల్లలకి డాక్టరు సలహా మీద ఇచ్చే చిక్కటి పాలపొడుల్లో కరోబ్ జిగురు ఉంటుంది.

విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ విభాగం వాళ్లు చేసిన పని నాకు మరీ ముచ్చట. మన కడుపులోగానీ చిన్నపేగులోగానీ గోరుచిక్కుడు జిగురుని అరిగించే ఎంజైము లేదు. పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులకి మాత్రం అది మంచి తిండి. పెద్దపేగు జబ్బుకి ఇచ్చే మందు దారిలోనే కరిగి పైనే రక్తంలో కలిసిపోతే లాభం లేదు కదా. అందుకని ఆ మందుని ఈ జిగురులో పెట్టి బిళ్ల చేస్తే? వై.వి. రామప్రసాద్, వై.ఎస్.ఆర్. కృష్ణయ్య, ఎస్. సత్యనారాయణ 1998లో అదే చేసి చూపించారు. బిళ్ల తడిసిన వెంటనే దాని ఒంటి మీద జిగురు పొర కడుతుంది, లోపలికి నీరు పోనివ్వదు. పెద్దపేగు చేరాక అక్కడి సూక్ష్మజీవులు ఆ పొరని తినేస్తాయి, మందు బయటపడుతుంది. గాజు పాత్రల్లో చూసి ఊరుకోలేదు వాళ్లు. బిళ్లలో అతి కొద్దిగా రేడియో ధార్మిక టెక్నీషియం పెట్టి, ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల చేత మింగించి, కెమెరాతో ఆ బిళ్ల కడుపులో ఏ క్షణాన ఎక్కడుందో, ఎక్కడ విచ్చుకుందో బొమ్మలు తీశారు.

ఇందాక ముక్కలు చేస్తే జిగురుకి గుణం పోయిందన్నాను. పూర్తిగా పోలేదు. ఆ పల్చటి ముక్కల్ని కూడా పెద్దపేగులో సూక్ష్మజీవులు తింటాయి, తిని చిన్న చిన్న ఆమ్లాల్ని వదుల్తాయి. ఆ ఆమ్లాలు పేగు గోడకి ఉప్పునీ నీటినీ తిరిగి పీల్చుకోవడంలో సాయపడతాయి. బంగ్లాదేశ్‌లో ఢాకాలోని విరేచనాల పరిశోధన సంస్థ వాళ్లు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లలో ఆ ముక్కల్ని కూడా చేర్చి పసిపిల్లలకిచ్చారు. 2000లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం విరేచనాలు త్వరగా తగ్గాయి.

తిండిలోకీ మందులోకీ పోయే సరుకు ఎంత శుభ్రంగా ఉండాలో 2007లో తెలిసొచ్చింది. మన దేశం నుంచి యూరప్ వెళ్లిన గోరుచిక్కుడు జిగురు కొంత సరుకులో డయాక్సిన్లు, పెంటాక్లోరోఫినాల్ అనే విషం దొరికాయి. గింజలో పుట్టినవి కావు అవి, పైనుంచి చేరినవి. ఆ తర్వాత పరీక్ష పత్రం ఉంటేనే ఆ సరుకు తీసుకుంటామని యూరప్ నియమం పెట్టింది. అలా పట్టుబట్టడం మంచిదే అంటాను. పొలంలో రైతు పడ్డ కష్టమంతా ఒక్క మిల్లు నిర్లక్ష్యంతో పోకూడదు.

ఇక మన చింతపిక్క. చింత కూడా చిక్కుడు కుటుంబమే! వామనగుంటలు ఆడి, అష్టాచెమ్మా ఆడి పారేసే పిక్కలో ఎంత ఉందో మన పనివాళ్లకి తరతరాలుగా తెలుసు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చేతులూ కాళ్లూ అతకడానికి చింతపిక్కల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కు వాడతారు. సిద్దిపేట దగ్గర చేర్యాలలో నకాషీ కళాకారులు నూలుగుడ్డ మీద కథలు రాయడానికి ముందు దానికి సుద్దమట్టీ గంజీ చింతగింజల జిగురూ కలిపి పూతలు పూస్తారు. కురుమలు గొంగడి నేసేటప్పుడు పడుగు దారాలకి చింతగింజల గంజి పెడతారు, దారం తెగకుండా, పీచు లేవకుండా.

చింతపిక్కలో జిగురు అంకురచ్ఛదంలో ఉండదు, పప్పు బద్దల్లోనే ఉంటుంది, వాటి కణాల గోడలే దళసరిగా జిగురుతో నిండి ఉంటాయి. అది గాలక్టోమానన్ కూడా కాదు. పొడుగునా గ్లూకోజ్, దానికి పక్కన జైలోజ్, అక్కడక్కడ గాలక్టోజ్. జైలోగ్లూకాన్ అంటారు. పొడుగునా ఉన్న ఆ గ్లూకోజ్‌లు ఒకదానికొకటి అతికిన తీరు పత్తిలోనూ కర్రలోనూ ఉండే సెల్యులోజ్‌లో అతికిన తీరే. అందుకే ఈ జిగురు సెల్యులోజ్‌ని గట్టిగా కరుచుకుంటుంది. కొండపల్లి కర్రకీ, చేర్యాల నూలుగుడ్డకీ ఇదే ఎందుకు కుదిరిందో చూశారా? ఏ ప్రయోగశాలా లేని రోజుల్లో, పట్టి చూసి, వదిలి చూసి, సరైనదాన్నే ఎంచుకున్నారు వాళ్లు. నాకు వాళ్ల మీద గౌరవం రోజురోజుకీ పెరుగుతుంది.

ప్రయోగశాల కథ 1940లలో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో మొదలైంది. టి.పి. ఘోష్, ఎస్. కృష్ణ అనే శాస్త్రవేత్తలు 1942లో చింతపిక్క పప్పులో జెల్లీ కట్టే పదార్థం ఉందని చెప్పారు. యుద్ధ కాలం, పిండి దొరకడం కష్టం. మరుసటి ఏడాదికే బట్టల మిల్లులు నూలుకి పెట్టే గంజిలో చింతపిక్కల పొడి వాడటం మొదలుపెట్టాయి. పి.ఎస్. రావు కూడా వాళ్లతో కలిసి దాన్ని శుద్ధి చేసే పద్ధతి రాశారు. ఆ పద్ధతినే కొద్ది మార్పులతో ఇప్పటికీ కాలేజీల్లో చేస్తారు. 20 గ్రాముల పప్పు పొడిని ముందు 200 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండల్లేకుండా కలుపుతారు. దాన్ని 800 మిల్లీలీటర్ల మరిగే నీళ్లలో పోసి 20 నిమిషాలు కాస్తారు. రాత్రంతా కదపకుండా ఉంచితే మాంసకృత్తులూ పీచూ అడుక్కి దిగుతాయి. పైన తేరిన దాన్ని తీసి రెండింతల ఆల్కహాల్లో పోస్తే, జిగురు తెల్లటి పీచుగా విడిపోయి తేలుతుంది. ఆల్కహాల్ నీటిని తనవైపు లాగేసుకుంటుంది, నీరు లేనిదే ఆ జిగురు కరిగి ఉండలేదు. ఆ పీచుని మెల్లగా ఆరబెట్టి పొడి చేస్తారు.

జపాన్ వాళ్లు 1960లలోనే దీన్ని సాసుల్లో, జెల్లీల్లో, తీపి పదార్థాల్లో వాడటం మొదలుపెట్టారు. తిండి పదార్థాల అంతర్జాతీయ పట్టికలో ఇప్పుడు దీని నంబరు 437. పండ్ల జెల్లీ కట్టాలంటే పెక్టిన్‌కి పులుపు కావాలి. చింతపిక్క జిగురుకి పులుపున్నా లేకపోయినా ఒకటే, పంచదార సమృద్ధిగా ఉంటే చాలు.

కంటి వైద్యులకి ఇది నచ్చిన కారణం వేరు. మన కన్నీటిలో మ్యూసిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, అది కంటి మీద తడిని పరిచి నిలుపుతుంది. చింతపిక్క జిగురు ఆకారంలో దానికి దగ్గరగా ఉంటుంది, కంటి పొరని అంటిపెట్టుకుని చాలాసేపు ఉంటుంది. కన్నీరు సరిగా ఊరక కళ్లు మండే రోగులకి ఇటలీ వైద్యులు ఈ చుక్కలిచ్చి, పేరున్న హైలురోనిక్ ఆమ్లం చుక్కలతో పోల్చి చూసి 2007లో రాశారు. దానికి దీటుగా పనిచేసింది, కొన్ని ఇబ్బందుల్లో ఇంకాస్త మెరుగ్గా ఉంది. ఆ చుక్కలు శుద్ధి చేసి, క్రిములు లేకుండా తయారు చేసినవి సుమా. ఇంట్లో కాచిన జిగురు కంటి దగ్గరికి తీసుకుపోకూడదు. ఈ జిగురు గొలుసుకి తగిలి ఉన్న గాలక్టోజ్‌లలో మూడో వంతు పైచిలుకు ఎంజైముతో తీసేస్తే ఇంకో విచిత్రం. చల్లగా ఉన్నప్పుడు ద్రవం, ఒంటి వేడి తగిలితే జెల్లీ! మామూలు జెలటిన్ వేడికి కరుగుతుంది కదా, ఇది వేడికి గట్టిపడుతుంది. మందు కలిపి ద్రవంగా తాగిస్తే లోపల జెల్లీ కట్టి ఆ మందుని నిదానంగా వదిలేట్టు చేయొచ్చని జపాన్‌లో 1990ల చివర్నించి పరిశోధనలు జరుగుతున్నాయి.

సరే, విన్నది చాలు, చేతులతో చేసి చూడండి. దొడ్లో పిక్కలు ఏరుకు రండి, పుచ్చులు లేనివి. బామ్మ చేత మూకుట్లో ఇసకపోసి వేయించుకోండి, పొట్టు చిట్లేదాకా. తర్వాత రోట్లో మెల్లగా దంచితే ఎర్ర పొట్టు ఊడిపోతుంది. ఆ పొట్టులో టానిన్లు ఉంటాయి, వగరు, అరగవు కూడా, ఒక్క ముక్కా మిగలకుండా చెరగండి. తెల్ల పప్పుని మెత్తగా పొడి కొట్టి జల్లించండి. రెండు చెంచాల పొడి గ్లాసుడు చన్నీళ్లలో కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ అరగంట కాచి, గుడ్డలో వడకట్టండి. వడకట్టిన దానికి సమానంగా, ఇంకాస్త ఎక్కువైనా సరే, పంచదార వేసి చిక్కబడేదాకా మరిగించి వెడల్పు గిన్నెలో పోయండి. చల్లారాక గిన్నె వంచండి. జారకపోతే జెల్లీ కుదిరినట్టే. జారితే పంచదార చాలలేదన్నమాట, ఇంకాస్త వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టండి.